గడువు దాటిన పేరుకు వేలం పాట: మా డొమైన్ రిజిస్ట్రార్‌కు ఐదుకు రెండు

మార్కులు ముందే చెప్పేస్తాను, చివరిదాకా చదివే ఓపిక అందరికీ ఉండదు. ఐదుకు రెండు. ఆ రెండూ ఛాట్‌లో మాట్లాడిన పిల్లలకు, పేరును సైట్‌కూ మెయిల్‌కూ కలిపే డీఎన్‌ఎస్ సెట్టింగుల పేజీకి. మిగతా మూడు ఎందుకు కోశానో చెప్పడానికే ఈ రివ్యూ. రిజిస్ట్రార్ అంటే వెబ్‌సైట్ల పేర్లు, అంటే డొమైన్లు, ఏడాదికింతని అమ్మే కంపెనీ. దాని పేరు రాయడం లేదు. రాస్తే ఆ ఒక్కదాన్ని తిట్టుకుని పక్కదానికి వెళ్తారు, అక్కడా ఇంచుమించు ఇదే తంతు.

కడప కోటిరెడ్డి సర్కిల్ దగ్గర మాదొక చిన్న షాపు. కింద మా ఆయన పెళ్ళి పత్రికలు, బిల్లు బుక్కులు, షాపు బోర్డులు చేస్తాడు. పై గదిలో నేను వెబ్‌సైట్లు చేస్తాను. బండల ఫ్యాక్టరీలు, పళ్ళ డాక్టర్లు, గండికోటలో టెంట్లు వేసేవాళ్ళు, ఒకటి రెండు కాలేజీలు, ఇలాంటివి. చాలామందికి డొమైన్ కొన్నది నేను కాదు. నా దగ్గరికి వచ్చేసరికే ఎవరో ఒక బావమరిది, ఎవరో ఒక మేనల్లుడు కొనిపెట్టి ఉంటాడు. వాటిలో చాలా పేర్లు ఈ రిజిస్ట్రార్ దగ్గరే ఉన్నాయి, ఎందుకంటే క్రికెట్ మ్యాచ్ మధ్యలో యాడ్ వేసేది వీళ్ళే.

ధర సంగతి ముందు. డాట్ కామ్ మొదటి ఏడాది 199 రూపాయలని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రెండో ఏడాది 1,499, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,769 దాకా. డాట్ కామ్ పేర్లన్నిటినీ నడిపే వెరిసైన్ ఈ కంపెనీల దగ్గర వసూలు చేసే టోకు ధర 2024 సెప్టెంబరులో 10.26 డాలర్లు అయింది. మొదటి ఏడాది చేతి నుంచి పెట్టుకుని ఇస్తున్నారన్నమాట, తర్వాతి ఏళ్ళలో రాబట్టుకుంటారు. దీని మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. రెన్యువల్ రేటు కార్టులోనే చిన్న అక్షరాల్లో అయినా కనిపిస్తుంది, చూసుకోవడం మన పని. నా పేచీ అంతా గడువు దాటాక వీళ్ళు ఏం చేస్తారన్న దాని మీదే.

యర్రగుంట్ల వైపు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీ ఉన్న ఒక అన్న మాకు పాత కస్టమరు. సరుకు చెన్నైకి, బెంగళూరుకు, కేరళకు పోతుంది. సైట్ పెద్దదేం కాదు, నాలుగు పేజీలు, రాళ్ళ ఫోటోలు, సైజుల పట్టిక. అయితే ఆ పేరు మీదే ఆయన ఈమెయిల్ ఉంది. బిల్డర్ల కొటేషన్లన్నీ దానికే వస్తాయి. ఒకరోజు ఫోన్ చేసి, "ఏంది మ్మా, మన సైట్ ఓపెన్ చేస్తే ఎవురిదో ఇటాలియన్ మార్బుల్ వస్తాంది?" అన్నాడు.

చూశాను. రిజిస్ట్రార్ పెట్టిన పార్కింగ్ పేజీ, అంటే సైట్ ఉండాల్సిన చోట యాడ్లు వేసే పేజీ. పైన మార్బుల్ యాడ్, దాని కింద గ్రానైట్ యాడ్, ఆ కింద వాల్ టైల్స్ యాడ్. ఫోన్‌లో మూడు సార్లు కిందికి లాగితే బూడిద రంగు తెలుపు మీద, "ఈ డొమైన్ గడువు ముగిసింది, యజమాని మీరైతే ఇక్కడ నొక్కండి" అని ఇంగ్లీషులో ఒక్క లైను. డొమైన్ పేర్లకు ప్రపంచస్థాయిలో నిబంధనలు పెట్టే ఐకాన్ అనే సంస్థకు 2013 ఆగస్టు 31 నుంచి అమల్లో ఉన్న పాలసీ ఒకటి ఉంది. గడువు దాటిన పేర్లను యజమాని తిరిగి పొందడం గురించి. దాని ప్రకారం రిజిస్ట్రార్ అలాంటి పేజీ పెడితే, గడువు ముగిసిందన్న మాట కొట్టొచ్చినట్టు కనబడాలి, రెన్యూ చేసుకునే దారి చూపించాలి. మా వాళ్ళ పేజీలో కొట్టొచ్చినట్టు కనిపించింది పక్క రాష్ట్రం మార్బుల్ షోరూమ్ ఫోన్ నంబరు. బండల వ్యాపారి పేరు మీదికి బండలు కొనేవాడు వస్తే, వాడికి పోటీ సరుకు చూపించి క్లిక్కుకు ఇంతని తీసుకుంటున్నారు. అన్నకు ఇదే ఎక్కువ మండింది, మిగతాదంతా ఆ తర్వాతే అర్థమయింది.

రిమైండర్లు పంపలేదా అంటే పంపారు. ఆ పాలసీ ప్రకారం గడువుకు సుమారు నెల ముందు ఒకటి, సుమారు వారం ముందు ఒకటి, దాటిన ఐదు రోజుల లోపు ఒకటి పంపాలి. ఈ మూడూ కచ్చితంగా వెళ్ళాయి, ఎక్కడికి వెళ్ళాయన్నదే కథ. ఆ పేరు కొన్నది అన్న మేనల్లుడు, ఇంటర్ చదివే రోజుల్లో, తన జీమెయిల్‌తో. ఆ పిల్లోడు ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు. మా ప్రాంతంలో ఇది వింతేం కాదు, రాజంపేట, రాయచోటి వైపు ఇంటికొకరు అక్కడే ఉంటారు. ఆ పాత జీమెయిల్‌లో ఆఫర్లు, లాటరీలు, "మీ డొమైన్‌కు లోగో కావాలా" అనే మెయిళ్ళు కుప్పగా పడి ఉన్నాయి. ఈ రిజిస్ట్రార్ ఏడాది పొడుగునా పంపే అమ్మకం మెయిళ్ళకూ, గడువు మెయిళ్ళకూ ఒకటే చిరునామా, ఒకటే రంగు, ఒకటే తరహా సబ్జెక్టు లైను. "ఆఖరి అవకాశం" అని డిస్కౌంటుకూ రాస్తారు, పేరు పోయేటప్పుడూ రాస్తారు. అకౌంట్‌లో కాంటాక్టు కింద అన్న మొబైల్ నంబరు ఉంది. ఆ నంబరుకు లోగో డిజైన్ అమ్మడానికి ఫోన్లు వచ్చాయట. గడువు గురించి ఒక్క ఎస్సెమ్మెస్ రాలేదు. పాలసీకి ఈమెయిల్ చాలు కాబట్టి, అంతటితో వీళ్ళ బాధ్యత తీరిపోయింది.

ఆటో రెన్యూ ఆన్‌లోనే ఉంది. అక్కడా ఒక మెలిక ఉంది, ఇది మనవైపు వాళ్ళందరూ తెలుసుకోవాల్సింది. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కార్డు నుంచి ప్రతి ఏడాదీ దానంతటదే డబ్బు కోసుకోవాలంటే ముందుగా ఈ-మ్యాండేట్, అంటే మనమిచ్చిన అనుమతి, రిజిస్టరై ఉండాలి, కోసే ముందు కనీసం 24 గంటల ముందు మనకు తెలియజేయాలి. ఓటీపీ లేకుండా కోసే పరిమితి అప్పట్లో 5,000, 2022 జూన్ నుంచి 15,000. మంచి నిబంధనే, ఎవడు పడితే వాడు కార్డు గీకకుండా. ఆ తర్వాత 2022 అక్టోబరు నుంచి కార్డు నంబర్లు వ్యాపారుల దగ్గర ఉంచకూడదన్న టోకెన్ల నిబంధన వచ్చింది. ఈ రెండిటి దెబ్బకు పాత అకౌంట్లలో సేవ్ చేసిన కార్డులు చాలావరకు పనికిరాకుండా పోయాయి. అయినా వీళ్ళ డ్యాష్‌బోర్డులో పచ్చటి బిళ్ళ మీద "ఆటో రెన్యూ ఆన్" అని నిక్షేపంగా వెలుగుతూ ఉంటుంది. కార్డు పనిచేయదని వాళ్ళకు తెలుసు, డబ్బు రాలేదని తెలుసు, బిళ్ళ మాత్రం పచ్చగానే. కనీసం పసుపు రంగుకైనా మార్చొచ్చు కదా.

ఇంకో పెద్ద తికమక. కువైట్ మేనల్లుడికి ఫోన్ చేస్తే, వాడు అక్కడి నుంచే, డొమైన్ వివరాలు చూపించే హూఈజ్‌లో చూసి, "అక్కా, వచ్చే ఏడాది దాకా ఉంది, మీరు టెన్షన్ పడొద్దండి" అన్నాడు. వాడు చూసింది నిజమే. డాట్ కామ్ గడువు తీరిన రోజునే రిజిస్ట్రీ, అంటే పైన చెప్పిన వెరిసైన్, ఆ పేరును దానంతటదే ఇంకో ఏడాదికి పొడిగించి, ఆ ఖర్చు రిజిస్ట్రార్ ఖాతాలో రాసేస్తుంది. అందువల్ల రిజిస్ట్రీ చూపించే ఎక్స్‌పైరీ తేదీ ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. పక్కన స్టేటస్‌లో "ఆటో రెన్యూ పీరియడ్" అని ఉంటుంది, దాన్ని ఎవరు చూస్తారు, చూసినా రెన్యూ అయిందనే అనుకుంటారు. అసలు సంగతేమిటంటే రిజిస్ట్రార్‌కు 45 రోజుల టైం ఇచ్చారు. ఆ లోపల మన దగ్గర డబ్బు వస్తే సరి, రాకపోతే పేరు డిలీట్ చేసి, రిజిస్ట్రీ దగ్గర ఆ ఖర్చు వెనక్కి తీసుకుంటాడు. అంటే ఈ 45 రోజులూ రిజిస్ట్రార్ చేతి నుంచి శాశ్వతంగా పోయేది రూపాయి కూడా లేదు.

డిలీట్ చేస్తే మనకు మేలే. డిలీటైన పేరు 30 రోజులు రిడంప్షన్ పీరియడ్‌లో ఉంటుంది, పాత యజమాని ఒక్కడే వెనక్కి తీసుకోగలడు, ఖర్చు ఎక్కువైనా సరే. ఆ తర్వాత 5 రోజులు పెండింగ్ డిలీట్, అప్పుడు గానీ ఎవరైనా కొనుక్కునేలా బయటికి రాదు. చాలామంది ఈ 30 రోజులు ఎలాగూ ఉన్నాయిలే అనుకుంటారు. మన రిజిస్ట్రార్ వేలం దుకాణం కూడా నడుపుతుంటే ఆ 30 రోజుల ముచ్చటే ఉండదు. 45 రోజుల లోపే పాట పెట్టి, గెలిచినవాడి అకౌంట్‌లోకి పేరు మార్చేస్తాడు. డిలీట్ అన్న మాటే రాదు కాబట్టి రిడంప్షన్ కూడా రాదు. పేరు పుట్టిన తేదీ చెక్కుచెదరదు, దానికి వేరే సైట్లు ఇచ్చిన పాత లింకులు చెక్కుచెదరవు, అందుకే దానికి ధర పలుకుతుంది. ఎక్కువమంది పాడేది రాళ్ళ వ్యాపారం చేయడానికేం కాదు. పాత సైట్ల పరువుతో రమ్మీ, బెట్టింగ్ పేజీలను గూగుల్‌లో పైకి తేవడానికి. ఈ బెడద పెరిగే 2024 మార్చిలో గూగుల్ గడువు తీరిన డొమైన్ల దుర్వినియోగాన్ని స్పామ్ కింద చేర్చింది.

ఇక వీళ్ళ వేలం పేజీ. చూడ్డానికి ముచ్చటగా ఉంది, వీళ్ళ డబ్బంతా ఎక్కడ పెట్టారో తెలుస్తుంది. ఎడమవైపు అన్న డొమైన్ పేరు, పక్కన "వయసు 14 ఏళ్ళు", కింద ఎన్ని సైట్లు దీనికి లింకు ఇచ్చాయో లెక్క, కుడివైపు ఎర్రటి గడియారం తిరుగుతూ. పాట 21,500 దగ్గర ఉంది. పాడినవాళ్ళ పేర్లు ఉండవు, బిడ్డర్ 3, బిడ్డర్ 7 అని అంకెలు. ఆఖరి ఐదు నిమిషాల్లో ఎవరైనా పాడితే ఇంకో ఐదు నిమిషాలు పొడిగిస్తారు, ఇది మాత్రం మంచి ఏర్పాటు. ఇదే పేరుకు యజమాని రెన్యూ చేసుకునే బటన్ ఎక్కడుందంటే, లాగిన్ అయి, మై ప్రొడక్ట్స్‌లోకి వెళ్ళి, "ఇతర" అన్న ట్యాబ్‌లో "యాక్షన్ కావలసినవి" అనే వరుసలో. వెతుక్కోవడానికి నాకే సేపు పట్టింది, రోజూ ఇదే పని చేసేదాన్ని.

అన్న షాపుకు వచ్చి నా స్క్రీన్ మీద ఆ పేజీ చూసి కాసేపు మాట్లాడలేదు.

"ఇదేంది మ్మా, మన పేరు మనమే మళ్ళా పాటలో పాడుకోవాల్నా?"

"లేదన్నా, మీకింకా టైం ఉంది. కడితే పాట రద్దవుతుంది."

"ఎంత?"

"రెన్యువల్, లేటు ఫీజు, జీఎస్టీ కలిపి పది వేలు దాటుతాంది."

"ఆడ 21 వేలకు పోయింది గదా. మనం కట్టకుంటే ఆ దుడ్లు ఎవురికి?"

"వాళ్ళకే."

"మనకు ఏమీ రాదా?"

రాదు. నేను ఎన్నో పేజీల పాలసీలు చదివి అర్థం చేసుకున్న విషయాన్ని ఆయన రెండు ప్రశ్నల్లో తేల్చేశాడు. మా ఊళ్ళో వేలం తెలియని ఇల్లు లేదు. పంట పెట్టుబడికో, పిల్ల ఫీజుకో బంగారం తాకట్టు పెట్టి, విడిపించుకోలేకపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. నోటీసు వస్తుంది. పేపర్లలో ప్రకటనలు వేస్తారు, అందులో ఒకటి మన భాషలో ఉండాలి. లోను ఇచ్చిన ఫైనాన్స్ కంపెనీ తానే ఆ పాటలో పాల్గొనకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. అసలు, వడ్డీ, ఖర్చులు పోగా మిగిలితే ఆ మిగులు తాకట్టు పెట్టినవాళ్ళది. నగ పోయిందన్న బాధ ఉంటుంది కానీ లెక్క చూసుకోవచ్చు. డొమైన్ దగ్గర బాకీ 1,769, పాట 21,500, మిగులు మొత్తం వేలం వేసినవాడి జేబులోకి. గుర్తుచేయాల్సినవాడూ వాడే, మనం మరిచిపోతే లాభపడేవాడూ వాడే. ఈ రెండు పనులూ ఒకే చేతిలో పెట్టి, బాగా గుర్తుచేయమంటే ఎందుకు చేస్తాడు? ఎస్సెమ్మెస్ పంపడానికి పైసలు ఖర్చవుతాయి, పంపకపోతే వేలు వస్తాయి.

వాళ్ళవైపు నుంచి చెప్పే మాట కూడా రాస్తాను, అన్యాయం చేయకూడదు. డొమైన్ మన సొత్తు కాదు, ఏడాదికింత కట్టి వాడుకునే హక్కు. నగలాగా మన పుట్టింటి నుంచి తెచ్చింది కాదు. పైగా వేలం లేకుండా పేరును మామూలుగా వదిలేసినా పాత యజమానికి దక్కుతుందన్న నమ్మకం లేదు. పెండింగ్ డిలీట్ అయిన సెకనుకే ఎగరేసుకుపోవడానికి కొన్ని కంపెనీలు వందలకొద్దీ రిజిస్ట్రార్ లైసెన్సులు పెట్టుకుని ప్రోగ్రాములు నడుపుతుంటాయి. మనం కంప్యూటర్ ముందు కూర్చుని ఎంటర్ కొట్టేలోపు పోతుంది. ఇదంతా ఒప్పుకుంటాను. అయినా మిగులులో యజమానికి వాటా ఇవ్వకపోవడానికి ఇందులో కారణం కనిపించదు. రిజిస్ట్రార్లు పేర్లను తామే పోగేసుకోవడం, వాటితో వ్యాపారం చేయడం మీద ఐకాన్ పాలసీ ఏదైనా వస్తే పాటిస్తామని ఒప్పందంలో ఒక క్లాజు ఉంది. ఆ పాలసీ మాత్రం ఇంతవరకు రాలేదు.

లేటు ఫీజు మీద ఇంకో మాట. డిలీటైన డాట్ కామ్‌ను వెనక్కి తేవాలంటే వెరిసైన్ రిజిస్ట్రార్ దగ్గర 40 డాలర్లు తీసుకుంటుంది. దాని మీద వీళ్ళు ఇంకొంత వేసుకుంటే సరే, పని ఉంది. మా కేసులో పేరు డిలీటే కాలేదు. రిజిస్ట్రీకి వీళ్ళు ఒక్క డాలరు కూడా అదనంగా కట్టలేదు. అయినా ఇన్వాయిస్‌లో "రిడంప్షన్ ఫీజు" అని 7,500 వేశారు. పాలసీ ప్రకారం ఈ ఫీజులు వెబ్‌సైట్‌లో ప్రకటించాలి, ప్రకటించారు, సహాయం విభాగంలో, ఒక పొడుగాటి పట్టికలో. ఛాట్‌లో దీని గురించి అడిగితే, "ఇది మా స్టాండర్డ్ ప్రాసెస్ మేడమ్" అన్నారు. అంతకుమించి పాపం ఆ పిల్లోడికి మాత్రం ఏం తెలుసు.

డబ్బు కట్టడం కూడా సులువుగా అవలేదు. లాగిన్‌కు ఓటీపీ కువైట్ వెళ్ళిన మేనల్లుడి పాత ఇండియా సిమ్‌కు పోతుంది, ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయింది. శుక్రవారం అక్కడ సెలవు కాబట్టి వాడు వాట్సాప్ కాల్‌లో దొరికాడు. పాస్‌పోర్టు ఫోటో అప్‌లోడ్ చేసి, పాత కార్డు చివరి నాలుగంకెలు చెప్పి, ఛాట్‌లో అటూ ఇటూ తిరిగి మొత్తానికి అకౌంట్ తెరిచారు. ఇక్కడ ఆ సపోర్టు పిల్లలను మెచ్చుకోవాలి. ఒక అమ్మాయి తన షిఫ్టు అయిపోతున్నా కూర్చుని, వేలం ముగిసేలోపు రెన్యూ అయ్యేలా చూసింది. "మేడమ్, మీరు కట్టాక పేజీ రిఫ్రెష్ చేయకండి, రెండుసార్లు కోసుకుంటుంది" అని ముందే చెప్పింది. తన కంపెనీ సాఫ్ట్‌వేర్ మీద తనకే అంత నమ్మకం. డబ్బు పడిన కాసేపటికి పాట పేజీ మాయమైంది. సైట్ సాయంత్రానికి వచ్చింది, ఈమెయిల్ మర్నాడు. మధ్యలో వచ్చిన కొటేషన్ మెయిళ్ళు వెనక్కి కొట్టాయి, అవి ఎన్నో, ఎవరివో అన్నకు తెలిసే దారి లేదు.

మేనల్లుడు ఫోన్‌లో సిగ్గుపడుతుంటే వాడికి మైక్రోసాఫ్ట్ కథ చెప్పాను. 1999 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ రోజుల్లో, హాట్‌మెయిల్ లాగిన్‌కు వాడే పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరుకు ఫీజు కట్టడం మైక్రోసాఫ్ట్ మరిచిపోయింది. ఒక లినక్స్ ప్రోగ్రామర్ తన జేబులోంచి 35 డాలర్లు కట్టి నిలబెట్టాడు. అప్పుడు కాబట్టి సరిపోయింది. ఇప్పుడైతే ఎర్ర గడియారం తిరిగేది.

ఇదే దుకాణంలో నేను రెండోవైపు కూడా నిలబడ్డాను, కాబట్టి పాడేవాళ్ళ సంగతీ చెప్పాలి. గండికోటలో టెంట్లు, కయాకింగ్ నడిపే ఒక తమ్ముడికి, గండికోట పేరుతో ఉన్న పాత డొమైన్ ఒకటి వేలానికి వచ్చిందని చూసి పాడాను. లోయ ఫోటోలు వైరల్ అయినప్పటి నుంచి ఆ పేర్లకు గిరాకీ. ముగ్గురు నలుగురం పోటీ పడ్డాం, పాట నాకే వచ్చింది, డబ్బు కట్టేశాను. ఆ తర్వాత "పేరు ఇంకా మీకు రాలేదు, పాత యజమాని ఇంకా రెన్యూ చేసుకోవచ్చు" అని మెయిల్. ఆయన చేసుకున్నాడు కూడా. తమ్ముడు అప్పటికే విజిటింగ్ కార్డు డిజైన్ అడుగుతున్నాడు. కోపం రాలేదంటే అబద్ధం. అయినా పేరు పాత యజమానికి పోవడమే సబబు, ఈ ఒక్క రూలు విషయంలో వీళ్ళను తప్పుపట్టను. తప్పుపట్టేది రీఫండును. కార్డులోంచి తీసుకున్న డబ్బు కార్డులోకి ఇవ్వకుండా వాళ్ళ వ్యాలెట్‌లో వేశారు. ఆ వ్యాలెట్‌లో డబ్బుతో వాళ్ళ దగ్గరే ఏదో ఒకటి కొనాలి. అడిగితే, పాట నిబంధనల్లో ఉందన్నారు. ఉంది, 11వ క్లాజులో.

ఇంకో అనుమానం నన్ను వదలదు. బిడ్డర్ 3 ఎవరు? వేలం ఇంటివాడే అయితే? ఊరికే అనుమానించడం లేదు. అమెరికాలో స్నాప్‌నేమ్స్ అనే డొమైన్ వేలం కంపెనీ 2009లో తానే బయటపెట్టిన సంగతి ఇది: వాళ్ళ ఉద్యోగి ఒకడు 2005 నుంచి "హాల్వారెజ్" అనే దొంగ పేరుతో తమ సొంత పాటల్లోనే పాడుతూ వచ్చాడు. వాడి వల్ల ధర పెరిగిన కొనుగోలుదార్లకు తేడా డబ్బు వడ్డీతో తిరిగి ఇస్తామన్నారు. ఆ కంపెనీ బయటపెట్టింది కాబట్టి మనకు తెలిసింది. మా రిజిస్ట్రార్ నిబంధనల్లో ఉద్యోగులు పాడకూడదని ఉంది, అది సంతోషం. బయటివాళ్ళెవరైనా తనిఖీ చేస్తారా అన్న దానికి మాత్రం అందులో ఒక్క వాక్యం లేదు. పాడినవాళ్ళ అంకెలైనా ఒక పాట నుంచి ఇంకో పాటకు మారకుండా ఉంచితే, ఎవడు అన్నిటిలో దూరుతున్నాడో మనకే కనిపించేది. ప్రతి పాటకూ కొత్త అంకెలు ఇస్తారు.

పేరు నిజంగా పోతే ఏం చేయాలని అడిగేవాళ్ళకు: ట్రేడ్‌మార్క్ ఉంటే డాట్ కామ్‌కు యూడీఆర్‌పీ అనే తగాదా తీర్చుకునే దారి ఉంది, జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర ఒక జడ్జి ముందు వేయడానికే ఫీజు 1,500 డాలర్లు. నాపరాళ్ళ ఫ్యాక్టరీకి అది మాట్లాడుకోవడానికి కూడా పనికిరాదు. డాట్ ఇన్ పేర్లు నిక్సీ అనే మన దేశ సంస్థ చేతిలో ఉంటాయి, వాటి తగాదాలకు అలాంటిదే ఐఎన్‌డీఆర్‌పీ ఉంది. పైన చెప్పిన ఐకాన్ రిమైండర్ల పాలసీ డాట్ ఇన్‌కు వర్తించదు, కాబట్టి డాట్ ఇన్ ఉన్నవాళ్ళు రిజిస్ట్రార్ నిబంధనలు ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. వినియోగదారుల కమిషన్ సంగతి చాలామంది అడుగుతారు. 2019 చట్టం ప్రకారం మన ఊళ్ళోనే వేయొచ్చు. లాభం కోసం పెద్దయెత్తున వాడిన సేవ అంటే వినియోగదారుడు కాదని అవతలివాడు వాదిస్తాడు, సొంత జీవనోపాధి కోసం అని మనం చూపించుకోవాలి. ఫీజు రశీదు, మెయిళ్ళ తేదీలు, ఆ పార్కింగ్ పేజీ స్క్రీన్‌షాట్ దాచి పెట్టుకోండి. మార్బుల్ యాడ్‌తో సహా.

ఇప్పుడు మా కస్టమర్ల పేర్లు ఒక్కొక్కటీ వేరే రిజిస్ట్రార్‌కు మారుస్తున్నాను. అక్కడ వేలం దుకాణం లేదు, గడువు దాటిన పేరును డిలీట్ చేసి రిడంప్షన్‌లోకి వదిలేస్తారు, రెండో మొబైల్ నంబరు పెట్టుకునే చోటు ఉంది. రేటు ఏడాదికి వంద రూపాయలు ఎక్కువ. మార్చేవాళ్ళకు ఒక జాగ్రత్త: గడువు దాటాక రెన్యూ చేసుకున్న పేరును ఆ 45 రోజుల లోపే వేరే చోటికి మారిస్తే, కట్టిన ఏడాది కలిసిరాకుండా పోయే ప్రమాదం ఉంది. అందుకే అన్న పేరును కొన్నాళ్ళు ఇక్కడే ఉంచి, ఆ 45 రోజులు దాటాకే కదిపాను. అకౌంట్ అన్న సొంత మెయిల్ మీద, ఓటీపీ అన్న ఫోన్‌కు.

డాట్ కామ్‌కు ఎక్కువలో ఎక్కువ పదేళ్ళ దాకా ఒకేసారి కట్టుకోవచ్చు. పదేళ్ళకు కట్టేద్దామా అన్నా అని అడిగాను. లెక్క వేసుకుని, "పదేండ్లకా? అప్పటికి మా వోడు ఈ బండలు కోస్తాడో, వాడు కూడా కువైట్ పోతాడో. ఐదుకు కట్టు మ్మా" అన్నాడు. ఐదుకే కట్టాం. నా వ్యాలెట్‌లో ఇరుక్కున్న గండికోట డబ్బు మాత్రం ఇంకా ఈ పాత రిజిస్ట్రార్ దగ్గరే ఉంది. అది కార్డుకు తిరిగి వచ్చిన రోజు మూడో మార్కు వేస్తాను.